మహారాజశ్రీ పొగగొట్టం గారికి

మహారాజశ్రీ పొగగొట్టం గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టి కొట్టేశాను. ఉభయుల్లో కుశలంగా ఉన్నది తమరొక్కరే.

తమరిది ఉమ్మడి కుటుంబం. పెద్దాయన కార్బన్ డయాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు, ఎవరినీ దగ్గించడు. గాల్లోకి ఎక్కాడంటే మాత్రం వందల ఏళ్లు దిగడు, దుప్పటి కప్పినట్టు భూమిని వేడెక్కిస్తూ కూర్చుంటాడు. తమ్ముళ్లు వేరే రకం: నైట్రోజన్ ఆక్సైడ్లు, గంధకపు వాయువు, మసి, వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతుండే పీఎం 2.5 రేణువులు. వీళ్లది నాలుగు రోజుల బతుకు, వాన పడితే కొట్టుకుపోతారు. ఆ నాలుగు రోజుల్లోనే ఊపిరితిత్తుల్లో దూరి నెత్తుటిదాకా వెళ్లిపోతారు. వాతావరణం పేరు చెప్పి ప్రభుత్వాలు కేసు పెట్టింది పెద్దాయన ఒక్కడి మీదే.

తప్పనడం లేదు. పెద్దాయన్ని గెంటేస్తే చాలాసార్లు తమ్ముళ్లూ మూట సర్దుకుంటారు. కెనడాలోని ఒంటారియో 2014లో ఆఖరి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని మూసేసింది. 2005లో అక్కడ 53 రోజులు స్మాగ్ (ఊరిమీద కమ్మే విషపు పొగమసక) హెచ్చరికలు, 2014లో ఒక్కటీ లేదు. (సరిహద్దు అవతలివాళ్లూ కొంత పొగ తగ్గించారనుకోండి, ఆ పుణ్యం వాళ్లకివ్వాలి.) వేడి తగ్గడం మనవల వాటా, దగ్గు తగ్గడం ఈ ఏటి పంట.

అయితే పెద్దాయన్ని కాస్త సన్నబరిచి తమ్ముళ్లని మేపడం తమరికి వెన్నతో పెట్టిన విద్య. బ్రిటన్ 2001లో కార్ల పన్నును కార్బన్ డయాక్సైడ్ గ్రాముల లెక్కన వేయడం మొదలుపెట్టింది. కిలోమీటరుకు డీజిల్ కారు వదిలేది తక్కువ కాబట్టి పన్నూ తక్కువ. జనం ఎగబడ్డారు. డీజిల్ ఇంజన్‌లో గాలి ఎక్కువ, వేడి ఎక్కువ, నైట్రోజన్ ఆక్సైడ్లు తయారయ్యేది సరిగ్గా అక్కడే. ఇంజనీర్లకు తెలియదా? తెలుసు. పన్ను కాగితంలో ఆ గడి లేదంతే.

ఆ తర్వాత 2015. ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్లలో ఒక సాఫ్ట్‌వేర్ దొరికింది. పరీక్ష జరుగుతోందని పసిగడితే తమరు బుద్ధిమంతుడైన పిల్లాడిలా నోరు మూసుకునేవారు. రోడ్డెక్కాక అమెరికా చట్టం పెట్టిన హద్దుకు 40 రెట్ల దాకా నైట్రోజన్ ఆక్సైడ్లు. ప్రపంచమంతటా అలాంటి కార్లు దాదాపు 1.1 కోట్లు. పరీక్ష హాల్లో మంచితనం చాలామంది చూపిస్తారు గానీ, దానికోసం ప్రోగ్రాం రాయించుకున్న ఘనత తమరిదే.

కట్టెల సంగతి ఇంకా బాగుంటుంది. చెట్టు మళ్లీ పెరుగుతుంది కాబట్టి, షరతులు తీరిస్తే కలప కాల్చినా యూరప్ కార్బన్ మార్కెట్ (పెద్దాయన్ని వదిలే అనుమతులు కొని అమ్ముకునే సంత) లెక్కల్లో సున్నా. నిప్పు లేనిదే పొగ రాదన్నారు పెద్దలు. నిప్పు ఉండి, పొగ వచ్చి, ఖాతాలో మాత్రం సున్నా పడటం ఈ కాలపు గారడీ. ఊపిరితిత్తులకు ఖాతా పుస్తకం చదవడం రాదు. మసి బొగ్గుదైనా కలపదైనా వాటికొకటే. ఏ రాయయితేనేం పళ్లూడగొట్టుకోవడానికి!

తిరగేసి చూసినా తమరే గెలుస్తారు. ఓడల ఇంధనంలో గంధకం హద్దును 2020లో 3.5 శాతం నుంచి 0.5కి దించారు. రేవుల్లో ఊపిరి తేలికైంది. ఇన్నాళ్లూ ఆ గంధకపు మసకే ఎండకు గొడుగు పట్టిందని, అది పోతే సముద్రాల మీద వేడి కాస్త పెరుగుతుందని శాస్త్రజ్ఞులంటున్నారు. అంటే దగ్గించినందుకు తమరికి మేమే కృతజ్ఞతలు చెప్పుకోవాలి కాబోలు.

పొగగొట్టమే లేని కార్లొచ్చాయని బెంగ పెట్టుకోకండి. టైర్లూ బ్రేకులూ అరిగి రాలే ధూళి తమరి వంశం నిలబెడుతోంది. ఆ కార్లకు కరెంటు బొగ్గు నుంచే వస్తే, తమరు వీధిలోంచి కాపురం ఎత్తేసి ఊరి బయట పొడుగాటి ఇంట్లో దిగినట్టు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పీఎం 2.5 ఏడాది సగటు హద్దును ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాముల నుంచి 5కి తగ్గించింది. లోకంలో నూటికి 99 మంది పీల్చేది ఆ సంస్థ హద్దులు దాటిన గాలే. కాబట్టి ఒకటే విన్నపం. ఈసారి పెద్దాయన బరువు తూచేటప్పుడు తమ్ముళ్లని గుమ్మం వెనక దాచకండి, అందరినీ ఒకే కాటా ఎక్కించండి.

ఇట్లు,
తమరి వెనకే బండిలో వస్తున్నవాడు

తా.క. ఈ ఉత్తరం తనిఖీ రోజున చదవొద్దు. ఆ రోజు తమరు తమరిలా ఉండరు.