అబ్బాయి ఏం చేస్తుంటాడు?

పెళ్లి సంబంధం మాట రాగానే ఇంట్లో పెద్దవాళ్లు ముందు అడిగేది ఇదే. ఈ మధ్య సినిమా చూసి బయటికొచ్చాక నేను అడుగుతున్నదీ ఇదే. హీరో చేసే పనేంటి, ఎంత సంపాదిస్తాడు, ఆ పనిలో అతనికి చిక్కు ఎక్కడొచ్చింది? వీటికి సరిగ్గా జవాబు చెప్పిన సినిమా అయితే పాటలు బాగోలేకపోయినా, సెకండాఫ్ కాస్త సాగినా క్షమించేస్తున్నా. చెప్పకుండా ఊరికే స్లో మోషన్‌లో నడిపిస్తే మాత్రం ఇంటర్వెల్‌కే విసుగొచ్చేస్తోంది.

‘లక్కీ భాస్కర్’ నాకు అందుకే నచ్చింది. మగధ బ్యాంకులో క్యాషియర్, ఆరు వేల జీతం, ఎటు చూసినా అప్పులు, తనకే అనుకున్న ప్రమోషన్ ఇంకొకరికి పోయింది. బ్యాంకు డబ్బు గుట్టుగా బయటికి తీసి, తిప్పుకుని, ఎవరూ లెక్క చూడకముందే తిరిగి లోపల పెట్టేయాలి. ఒక్క తుపాకీ పేలకుండా నోట్ల కట్టలున్న సంచీతో ఇంత టెన్షన్ పెట్టొచ్చని మన వాళ్లలో ఎంతమంది నమ్ముతారు? ఆ తర్వాత కథ 1992లో బయటపడ్డ స్టాక్ మార్కెట్ కుంభకోణం వైపు వెళ్తుంది. బ్యాంకులు ప్రభుత్వ సెక్యూరిటీల (ప్రభుత్వం తీసుకున్న అప్పులకిచ్చే పత్రాల) మీద ఒకదానికొకటి అప్పులిచ్చుకోవడం, మధ్యలో బ్రోకర్లు దూరడం, అసలు సెక్యూరిటీ చేతులు మారకుండా బ్యాంక్ రసీదు అనే కాగితమే తిరగడం, కొన్నిసార్లు ఆ కాగితం వెనక ఏమీ లేకపోవడం, ఆ డబ్బంతా షేర్ మార్కెట్‌లోకి పోవడం... ఇది చదివితేనే తల తిరిగే వ్యవహారం. దర్శకుడు వెంకీ అట్లూరి దాన్ని హీరో దుల్కర్ సల్మాన్ చేత మనవైపు తిరిగి కబుర్లు చెప్పినట్టు చెప్పించాడు. అన్నీ అర్థమయ్యాయని అనను గానీ, ఎవరు ఎవరిని ముంచుతున్నారో మాత్రం ప్రతి సీన్‌లో తెలుస్తూనే ఉంటుంది. ఒక్కటే ఫిర్యాదు, చివర్లో అతను మరీ సుఖంగా బయటపడిపోతాడు. తప్పు చేసినవాడికి శిక్ష పడాలని కాదు, అంత తెలివైన కథకి అంత తేలికైన ముగింపు ఏంటని.

‘కోర్ట్’ది ఇంకో దారి. కథాకాలం 2013, ఊరు విశాఖ. ప్రేమించుకున్న ఇద్దరిలో అమ్మాయికి 17, అబ్బాయికి 19. పిల్లలపై లైంగిక నేరాలకు శిక్షలు వేసే పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది 2012 నవంబర్‌లో, 18 నిండని వాళ్ల ఇష్టానికి అందులో విలువ లేదు. అంటే ఆ కుర్రాడు పేరైనా వినని చట్టం కింద జైలుకెళ్తున్నాడు. కేసు పట్టుకున్నది సీనియర్ దగ్గర ఎదురుచూస్తూ కూర్చున్న ఒక జూనియర్ లాయరు. ప్రియదర్శి ఎక్కడా గొంతు చించుకోకుండా, సాక్షుల్ని ఒక్కొక్కరినీ వాళ్ల మాటల్లోనే ఇరికిస్తూ పోతుంటే కోర్టు పని అంటే ఇలా ఉంటుందేమో అనిపిస్తుంది. ఇక శివాజీ చేసిన మంగపతి (అమ్మాయి మామయ్య) గురించి అందరూ మాట్లాడారు, మాట్లాడాల్సిందే. కత్తి పట్టడు, రౌడీలను వేసుకుని తిరగడు, పరువు పేరుతో ఇంట్లో ఆడవాళ్లను వణికిస్తాడు, ఎవరికి ఫోన్ చేస్తే ఏ కాగితం తయారవుతుందో తెలుసు, అంతే. అలాంటి మామయ్యో బాబాయో మన చుట్టాల్లో కూడా ఒకడుంటాడు కాబట్టే అంత భయమేసింది. చివరి వాదన మాత్రం కొంచెం ప్రసంగంలా మారింది, అక్కడ చప్పట్ల కోసం రాశారని తెలిసిపోతుంది.

చిన్న సినిమాలకి ఇది కుదురుతుంది, పెద్ద హీరోకి ఎలా కుదురుతుంది అంటారేమో. ‘పుష్ప’ మొదటి భాగానికి కుదిరిందిగా! కూలీగా చేరినవాడు ఎర్రచందనం దుంగల్ని పాల ట్యాంకర్‌లో దాచి దాటిస్తాడు, స్మగ్లర్ మంగళం శీను సిండికేట్‌కి ఇచ్చే రేటెంత, చెన్నైలో అమ్మే రేటెంత అని ఆరా తీస్తాడు, ఆ తేడా పట్టుకునే పైకి ఎక్కుతాడు. రెండో భాగంలో ముఖ్యమంత్రి ఫొటో దిగనన్నాడని ముఖ్యమంత్రినే మార్చేస్తానంటాడు. ఆ పంతం నాకు భలే నచ్చింది, సుకుమార్ మార్కు తిక్క అది. సరుకు దాటించే తెలివితేటలు కూడా కాసేపు ఉన్నాయి. కానీ పోనుపోను వ్యాపారం పక్కకుపోయి, అన్న కూతురి కిడ్నాప్, కాళ్లూ చేతులూ కట్టేసినా ఆగని ఫైటు మిగిలాయి. జాతర ఎపిసోడ్‌లో అల్లు అర్జున్‌ని తప్పుపట్టే ధైర్యం ఎవరికీ ఉండదు, నాకూ లేదు. అయినా మూడు గంటల ఇరవై నిమిషాల్లో నేను వెతుక్కున్నది ఆ లెక్కలు తెలిసిన కూలీనే.

‘ఓజీ’ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా. హీరో ఎంత గొప్పవాడో పక్కనున్న వాళ్లు చెబుతూనే ఉంటారు, వెనక తమన్ వాయిస్తూనే ఉంటాడు. అభిమానులకి అదే పండగ, కాదనను. నాకు మాత్రం ఆ గొప్పతనం వినడమే ఎక్కువైంది.

‘కుబేర’లో శేఖర్ కమ్ముల బిచ్చమెత్తుకునేవాణ్ని హీరోగా పెట్టాడు. వేల కోట్ల నల్లధనానికి బినామీలుగా బిచ్చగాళ్లను వాడుకోవడం, కోట్లు తన పేరు మీద నడుస్తున్నా ధనుష్‌కి ఆకలి తప్ప ఇంకేమీ అర్థం కాకపోవడం, జైలు నుంచి బయటపడాలని నాగార్జున తెలిసి తెలిసి ఊబిలో దిగడం, మొదటి గంట అద్భుతం. తర్వాత పరుగులు ఎక్కువయ్యాయి, మూడు గంటలు అవసరం లేదు.

అన్నిటికీ ఈ కొలత పనికిరాదు లెండి. ‘సంక్రాంతికి వస్తున్నాం’లో వెంకటేష్ ఒకప్పుడు పోలీసు అన్న సంగతి ఎవరికి కావాలి? భార్యకీ పాత ప్రేమకీ మధ్య ఇరుక్కోవడమే అక్కడ అతని ఉద్యోగం, కొడుకు బుల్లిరాజు తిట్లు బోనస్.

అన్నిటికన్నా కోపం తెప్పించింది ‘గేమ్ ఛేంజర్’. హీరో ఐఏఎస్. ఒక జిల్లా కలెక్టర్ టేబుల్ మీదికి వచ్చే ఫైళ్లలో ఎన్ని కథలుంటాయి! భూముల గొడవలు, వరద సాయం, బదిలీలు, ఎమ్మెల్యే సిఫార్సులు, ఎన్నికల డ్యూటీలు. ఏదీ పట్టించుకోకుండా ఆర్డర్ వేస్తే అక్రమాలన్నీ కూలిపోయే కలెక్టర్ని చూపించారు. అదే సినిమాలో ఫ్లాష్‌బ్యాక్‌లో హీరో తండ్రి అప్పన్న ఉన్నాడు. డబ్బు పంచకుండా పార్టీ నడపాలనుకుంటాడు, మైకు పట్టుకుంటే నత్తి, పక్కనున్నవాళ్లకేమో డబ్బు లేకుండా గెలవలేమన్న భయం. రామ్‌చరణ్ ఆ కాసేపూ ప్రాణం పెట్టాడు. సినిమా మొత్తం అప్పన్న మీదే తీసుంటే ఇంకోసారి టికెట్ కొనేవాణ్ని.