వెనిస్‌ను ఒక్క పూటలో ముగించు విధానం

యూరప్ యాత్ర చేసి వచ్చిన తెలుగువారు ఎన్ని సంగతుల్లో కొట్టుకున్నా ఒక్క సంగతిలో మాత్రం ఏకగ్రీవంగా తీర్మానిస్తారు: వెనిస్‌కు ఒక పూట చాలు. పారిస్‌కు రెండు రోజులా మూడు రోజులా అన్న దగ్గర ఆలుమగల మధ్య మాటలు ఆగిపోవచ్చు గాని, వెనిస్ పేరెత్తితే ఇద్దరూ ఒక్కటైపోతారు. "ఏముందండీ అక్కడ? నీళ్లు, పడవలు. పొద్దున వెళ్తే మధ్యాహ్నానికల్లా అయిపోతుంది" అంటారు, అదేదో ఎమ్మార్వో ఆఫీసులో కుల ధ్రువపత్రం పని అన్నట్టు. ఉప్పునీటి కయ్యలో వందకు పైగా దిబ్బలను చూసుకుని, బురదలోకి లెక్కలేనన్ని కొయ్య గుంజలు దిగగొట్టి, వాటి మీద రాతి మేడలు నిలబెట్టి, 1797లో నెపోలియన్ వచ్చి పడేదాకా వెయ్యేళ్లకు పైగా తనను తాను ఏలుకున్న నగరానికి ఒక పూట. అందులో భోజన విరామం కూడా కలిసే ఉంది.

ఇంతమంది అనుభవజ్ఞులు ఒకే మాట మీద ఉన్నప్పుడు కాదనడానికి మనమెవరం? కనుక వచ్చే వేసవికి బయలుదేరబోయే వారి సౌకర్యార్థం, ఆ పూటను ఎలా వినియోగించుకోవాలో వివరించడం నా కర్తవ్యంగా భావిస్తున్నాను.

అన్నిటికన్నా ముందు జాగ్రత్త పడవలసింది బస విషయంలో. వెనిస్‌లో రాత్రి ఉండకూడదు. నీళ్లకు ఇవతల, నేల మీదున్న మెస్త్రే పట్టణం దాటాక, పెద్ద బస్సులు వెనక్కి తిప్పుకోవడానికి వీలున్న హోటల్లో పడుకోవాలి. పొద్దున్నే బస్సు త్రోంకెత్తో రేవు దగ్గర దింపుతుంది. అక్కడ కాచుకుని ఉన్న ప్రైవేటు పడవ వెడల్పాటి జుదెక్కా కాలువ మీదుగా తీసుకుపోయి ఊళ్లోని ప్రధాన కూడలి శాన్ మార్కో పక్కన వదులుతుంది. ఈ ఏర్పాటులోని గొప్పతనం ఏమిటంటే, ఊరి మధ్య నుంచి సాగే ఏ గ్రాండ్ కెనాల్ అనే పెద్ద కాలువ కోసం లోకమంతా వెనిస్‌కు వస్తుందో అది మీ కంట పడదు. పొరపాటున రైల్వే స్టేషను ముందు ఒకటో నంబరు వాపొరెత్తో, అంటే నీటి బస్సు, ఎక్కారో, తొమ్మిదిన్నర యూరోల టికెట్టుకు దాదాపు ముప్పావుగంట సేపు రెండు గట్ల మీదా వందల ఏళ్ల నాటి మేడలను చూస్తూ కూర్చోవలసి వస్తుంది. పైగా గ్రూపు ఫొటో కోసం ఎక్కడా ఆపరు.

శాన్ మార్కోలో దిగాక ప్రతి నిమిషమూ విలువైనదే. బసిలికా అనే పెద్ద చర్చి లోపలికి వెళ్లాలంటే వరసలో నిలబడాలి గనుక బయటి నుంచి చూస్తే చాలు. లోపలి బంగారు మొజాయిక్‌లు ఎలాగూ ఫోనులో దొరుకుతాయి. ఎదురుగా ఉన్న గంటగోపురం 1902లో కుప్పకూలితే పదేళ్లలో ఉన్నదున్నట్టు మళ్లీ కట్టుకున్నారని గైడు చెప్పగానే "అయితే డూప్లికేటన్నమాట" అని మొహం తిప్పుకునే పెద్దమనిషి ప్రతి గ్రూపులోనూ ఒకరు ఉంటారు, ఆయన గురించి కంగారు పడనక్కర్లేదు. ఆకలేస్తే మెట్ల మీద చతికిలబడి పులిహోర పొట్లం విప్పడం మన సహజ ధర్మమే గాని, అక్కడ ఆ పని చేస్తే జరిమానా వేస్తారు. మిగిలిన మెతుకులు పావురాలకు చల్లడం కూడా 2008 నుంచి నిషేధం. 1720లో పెట్టిన ఫ్లోరియన్ కాఫీ హోటల్లో దర్జాగా కూర్చోవచ్చు. కాకపోతే అక్కడ వాయించే సంగీతానికి బిల్లులో వేరే ఛార్జీ కలుపుతారు, మీరు చెవులు మూసుకుని తాగినా సరే.

ఇక గొండోలా, అంటే ఆ ఊరి పొడవాటి కొయ్య పడవ. నగరం నిర్ణయించిన ధర పగలు అరగంటకు 90 యూరోలు, రాత్రి ఏడు దాటితే 35 నిమిషాలకు 110. అది పడవకు గాని మనిషికి కాదు. ఒకప్పుడు ఆరుగురిని ఎక్కించుకునేవారు, 2020లో దాన్ని అయిదుకు తగ్గించారు. కారణం గొండోలా వాళ్ల సంఘం మొహమాటం లేకుండా చెప్పింది: పర్యాటకులు లావెక్కారు. అయితే హైదరాబాదు నుంచి వచ్చిన కుటుంబంలో ఎప్పుడూ ఆరుగురే ఉంటారు. "మీరు ఎక్కండి మామయ్యగారూ, నేను గట్టు మీద నుంచి వీడియో తీస్తాను" అంటాడు అల్లుడు. "అల్లుడుగారు గట్టు మీద నిలబడితే మేమెలా ఎక్కుతామమ్మా" అంటుంది అత్తగారు, కూతురి వంక చూస్తూ. ఈ మర్యాదల్లో పావుగంట గడిచాక అయిదుగురూ ఎక్కుతారు, అల్లుడు ఫోను పట్టుకుని పడవ వెంట పరిగెత్తడం మొదలుపెడతాడు. వెనిస్ కాలువలకు మన కాలువల్లా పొడుగునా గట్టు ఉండదన్న సంగతి అతనికి అప్పటికి తెలియదు. అతను దూరిన సందు నేరుగా నీళ్లలోకి దిగి ఆగిపోతుంది, వెనక్కి వచ్చి ఇంకో సందులో దూరితే అది ఎవరిదో వాకిట్లో ముగుస్తుంది. ఈలోగా గొండోలా రెండు గోడల మధ్య, ముందు నాలుగు, వెనక మూడు గొండోలాల నడుమ ఇరుక్కుని కదలదు. చారల చొక్కా పడవవాడు పక్క పడవవాడితో ముచ్చట్లాడుతుంటాడు. పాట పాడమని మామగారు సైగ చేస్తే, పాటగాడికి వేరే డబ్బు అని అతనూ సైగతోనే చెబుతాడు. అత్తగారు భీమవరానికి వీడియో కాల్ చేసి ఫోనును గోడ వైపు తిప్పుతుంది. "వదినా, ఇదే వెనిస్." అవతలి నుంచి వదినగారు నిదానంగా పరిశీలించి, "అదేమిటే, గోడలన్నీ పెచ్చులూడిపోయాయి, సున్నం వేయించుకోరా?" అని అడుగుతుంది. అరగంట పూర్తవుతుంది. అల్లుడు చివరికి ఒక వంతెన మీద దొరుకుతాడు, చెమటలు కక్కుతూ, విజయగర్వంతో. అతను వంతెన మీది నుంచి పదకొండు నిమిషాల పాటు శ్రద్ధగా తీసిన వీడియోలో ఉన్నది వేరే కుటుంబం.

పడవలో లేచి నిలబడి సెల్ఫీ తీసుకోవచ్చా అని అడిగేవారికి ఒక సమాచారం: 2023 డిసెంబరులో, కూర్చోమంటే వినకుండా సెల్ఫీల కోసం కదిలిన పర్యాటకులతో సహా ఒక గొండోలా బోల్తా పడింది. నీళ్లు చాలా చల్లగా ఉంటాయి. గ్రాండ్ కెనాల్ దాటించే త్రగెత్తో అనే రేవు పడవ ఒకటుంది, రెండు యూరోలకు అదే రకం పడవలో ఊరివాళ్ల పక్కన నిలబడి అవతలి గట్టుకు చేరవచ్చు. కాని దానికి ప్యాకేజీలో చోటు లేదు, అందులో ఎవరికీ కమీషను రాదు.

వాసన గురించి కూడా ఒక మాట. తిరిగొచ్చాక "కాలువలు కంపండీ బాబూ" అనడం ఆనవాయితీ. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ మూడూ ఊరి మధ్య నుంచి పారుతుండగా వాటిలో ఇంటి చెత్త సంచి విసిరి ముక్కు మూసుకుని వంతెన దాటే బెజవాడ వాస్తవ్యుడు ఈ మాట అన్నప్పుడు దానికి ఒక ప్రత్యేకమైన బరువు ఉంటుంది.

మార్కో పోలో అంటే మనవాళ్లకు వెనిస్ విమానాశ్రయం పేరు. ఆ పేరు గల వెనిస్ యాత్రికుడు తన యాత్రా గ్రంథంలో మన మోటుపల్లి రేవు గురించి, ఆ రాజ్యాన్ని న్యాయంగా ఏలుతున్న రాణి గురించి, అక్కడి వజ్రాల గురించి, సాలెగూడంత సన్నటి బట్టల గురించి చెప్పాడు. ఆ రాణి మన రుద్రమదేవేనని చరిత్రకారులు గుర్తించారు. ఏడు వందల ఏళ్ల నాడు మన సముద్రపు ఒడ్డును అంత ఆసక్తిగా తలచుకున్న ఆ వెనిస్‌వాడి ఇల్లు ఉండిన చోటు రియాల్తో వంతెనకు కూతవేటు దూరంలో ఉంది, కోర్తే దెల్ మిలియోన్ అంటారు. ప్యాకేజీ వారు అటు తీసుకుపోరు. గాజు కొలిమి దగ్గరికి తీసుకుపోతారు. అక్కడ ఒకాయన కరిగిన గాజును పట్టుకారుతో లాగి రెండు నిమిషాల్లో గుర్రం బొమ్మ చేస్తాడు, మీరు చప్పట్లు కొడతారు, వెంటనే దుకాణం తలుపు తెరుచుకుంటుంది, "ఇదే లాడ్ బజారులో అయితే ఎంతుంటుంది" అన్న చర్చ మొదలవుతుంది.

ఈ పూట యాత్రికుల తాకిడి తట్టుకోలేక 2024 ఏప్రిల్ 25 నుంచి, రద్దీ ఉండే ఎంపిక చేసిన రోజుల్లో, రాత్రి ఉండకుండా పోయేవారి మీద వెనిస్ 5 యూరోల ప్రవేశ రుసుము పెట్టింది. మరుసటి ఏడాది ఆఖరి నిమిషంలో కట్టేవారికి దాన్ని 10 చేసింది. మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "ఈ టికెట్టులో ఏమేం చూపిస్తారు?" మొదటి రోజే ఊరివాళ్లు బస్సులు ఆగే పియాజాలే రోమా కూడలిలో పోగై, మేము కాపురాలుంటున్న ఊరికి టికెట్టేమిటని నిరసన తెలిపారు. ఊరివాళ్ల ఆ ప్రశ్నకు జవాబు ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి ఏముంది? 1951లో ఆ పాత ఊళ్లో సుమారు 1,75,000 మంది ఉండేవారు. 2022లో ఆ సంఖ్య 50,000 కిందకు పడిపోయింది. ఎక్కడికి పోయారు వాళ్లంతా, సముద్రం మింగిందా? 2019 నవంబరు 12 రాత్రి పోటు 187 సెంటీమీటర్లు లేచి నట్టిళ్లలోకి వచ్చినప్పుడు కూడా ఆ నీళ్లు తోడుకుని అక్కడే ఉన్నవాళ్లు వాళ్లు. నీళ్ల వల్ల పోలేదు, మన వల్ల పోయారు. ఏళ్ల తరబడి ఉండే కాపురస్థుడి కన్నా రెండు రాత్రులకు యాప్‌లో బుక్ చేసుకుని వచ్చేవాడు ఇంటి యజమానికి గిట్టుబాటయ్యాడు. ఊరి జనాభా కన్నా పర్యాటకుల పడకలే ఎక్కువయ్యాయని 2023లో అక్కడి పౌర సంఘాలు లెక్క తేల్చాయి. రియాల్తో దగ్గర ఒక మందుల షాపు వాళ్లు, ఊళ్లో ఇంకా ఎంతమంది మిగిలారో చూపించే అంకెల పలకను 2008లో అద్దాల వెనక పెట్టారు. మందుల షాపులో! ఆ అంకె ముందు నిలబడి ఐస్‌క్రీమ్ నాకుతూ "ఏముందండీ ఇక్కడ" అనే పెద్దమనిషిని ఒక్కటి అడగాలని ఉంది: మీ అరుగు మీద కూర్చుని తిని, మీ గోడ పెచ్చులూడిందని వెక్కిరించి, మీ ఇంట్లో చూడదగ్గదేమీ లేదని వీధంతా వినపడేలా చెప్పి పోయేవాడిని మీరైతే ఏమంటారు?

సాయంత్రం నాలుగు దాటాక వచ్చేవారికి ఆ రుసుము లేదు. కన్నరేజో పేట సందుల్లో ఆ వేళకు బడుల నుంచి పిల్లలు ఇళ్లకు చేరుకుని ఉంటారు, ముసలివాళ్లు కుర్చీలు బయట వేసుకుంటారు, దారి తప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. కాని అప్పటికి మన బస్సు త్రోంకెత్తోలో ఇంజను స్టార్టు చేసి ఉంటుంది, ఎక్కవలసిన వారి తలలు రెండుసార్లు లెక్కపెట్టడం కూడా అయిపోతుంది. మర్నాడు పీసా. దానికి ఇరవై నిమిషాలు కేటాయించారు, అందులో పదిహేను ఆ ఒరిగిన గోపురాన్ని అరచేత్తో ఆపి నిలబెట్టడానికే పోతాయి.