కుళ్లిన యాపిల్‌కు కొత్త ఉద్యోగం

నడివయసులో వృత్తి మార్చుకోవడం కష్టమంటారు. ఆరు వందల ఏళ్లు దాటిన ఒక ఇంగ్లిష్ సామెత ఆ పనిని అవలీలగా చేసి చూపించింది. శతాబ్దాలపాటు ప్రాసిక్యూషన్ తరఫున వాదించిన ఆ సామెత, ఒక మంచి ముహూర్తం చూసుకుని ముద్దాయి పక్షానికి వచ్చేసింది. పండు అదే, కుళ్లు అదే, గంప అదే. తీర్పు మాత్రం తిరగబడింది. ఇంత లాభసాటి ఫిరాయింపు మరొకటి జరగలేదని నా నిశ్చితాభిప్రాయం. మన ఎమ్మెల్యేలు పార్టీ మారేటప్పుడు కనీసం కండువా అయినా మారుస్తారు. ఇది అదీ మార్చలేదు.

ఆ మాట 'బ్యాడ్ యాపిల్స్'. పోలీసు ఠాణాలోనో, బ్యాంకులోనో, సైనిక జైలులోనో జరగరానిది జరిగి, అది ఫొటోలతో సహా బయటపడినప్పుడు సంస్థ పెద్ద ఒకాయన మైకు ముందుకు వస్తాడు. గొంతు సవరించుకుని, 'ఎక్కడో కొన్ని కుళ్లిన యాపిల్స్ ఉంటాయి' అంటాడు. మిగతా గంపంతా నిగనిగలాడుతోందని, ఒకరిద్దరి వల్ల అందరినీ అనుమానించవద్దని కోరతాడు. విలేకరులు రాసుకుంటారు. పండు బలి అవుతుంది. గంప ఇంటికి వెళ్లి భోంచేస్తుంది.

పూర్వం ఇంతటి నాగరికత లేదు. 14వ శతాబ్దం చివర ఛాసర్ రాసిన కాంటర్‌బరీ కథల్లో వంటవాడు ఒక కథ మొదలుపెడతాడు. లండన్‌లో సరుకుల వ్యాపారి దగ్గర పెర్కిన్ అనే కుర్రాడు పని నేర్చుకుంటూ ఉంటాడు. ఎక్కడ పెళ్లి జరిగినా అక్కడ పాడతాడు, ఎగురుతాడు. చీప్‌సైడ్ వీధిలో ఊరేగింపు కనబడితే దుకాణం వదిలేసి పరుగెత్తుతాడు. పాచికలాటలో దిట్ట. ఇన్ని కళలకు పెట్టుబడి కావాలి కదా, యజమాని గల్లాపెట్టె తరచూ ఖాళీగా కనిపించేది. చివరకు ఆ యజమానికి ఒక పాత సామెత గుర్తుకొస్తుంది: కుళ్లిన యాపిల్‌ను రాశిలో ఉంచి మిగతావన్నీ కుళ్లబెట్టుకోవడం కంటే, దాన్ని తీసి అవతల పడేయడం మేలు. కుర్రాడిని పంపించేస్తాడు. ఛాసర్ నాటికే అది పాత సామెత అని గమనించాలి. లాటిన్‌లోనూ ఇదే అర్థంతో ఒకటి ఉంది. 1736లో అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన పంచాంగంలో దీన్నే ఇంకా కుదించి, కుళ్లిన యాపిల్ తన తోటిదాన్ని చెడగొడుతుందని అచ్చువేశాడు.

ఆ లండన్ వ్యాపారి చేసిన పొరపాటు ఏమిటో నేటి పాఠకుడికి విడమరచి చెప్పనక్కర్లేదు. ఆయనకు ప్రజా సంబంధాల అధికారి లేడు. ఉండి ఉంటే పెర్కిన్ విషయంలో అంతర్గత విచారణ జరిగేది, నివేదిక వచ్చేలోపు కుర్రాడు రెండో దుకాణానికి మేనేజరయ్యేవాడు, గల్లాపెట్టె భద్రతకు కొత్త మార్గదర్శకాలు విడుదలయ్యేవి. ఛాసర్ ఆ కథను అరవై పంక్తులైనా నిండకుండానే ఆపేశాడు. ఎందుకు ఆపాడన్నది పండితుల మధ్య పెద్ద చర్చ. దోషిని తీసేశాక చెప్పడానికి ఇంకేమీ మిగలక ఆపేశాడేమోనని నా అనుమానం.

విచారకరమైన విషయం ఒకటుంది. సైన్సు ఇంకా పాత అర్థం దగ్గరే ఆగిపోయింది. పండుతున్న యాపిల్ ఎథిలీన్ అనే వాయువును వదులుతుందని 1934లో ఇంగ్లండ్‌లో రిచర్డ్ గేన్ అనే శాస్త్రవేత్త రుజువు చేశాడు. దెబ్బ తిన్న పండు, కుళ్లుతున్న పండు దాన్ని మరింత వదులుతాయి. ఆ గాలి సోకిన పక్క పండు తొందరపడి మగ్గుతుంది, మెత్తబడుతుంది, ఆపైన తానూ గాలి వదలడం మొదలుపెడుతుంది. మొదటి పండు మీది బూజు ఈలోగా పక్కదాని గాయాల్లో చోటు వెతుక్కుంటుంది. ఒక్కటి చెడితే అన్నీ చెడతాయన్నది నీతివాక్యం కాదు, గిడ్డంగి అనుభవం.

అనుమానం ఉన్నవారు హైదరాబాద్‌లో ఏ పళ్ల బండి దగ్గరైనా కాసేపు నిలబడి చూడవచ్చు. హిమాచల్ నుంచి వచ్చిన అట్టపెట్టె మూత తెరవగానే వ్యాపారి ముందు కళ్లు కాదు, ముక్కు పెడతాడు. పులిసిన వాసన తగిలితే పై వరుస గుంటల అట్టను రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టి, కింది వరుసలో గోధుమరంగుకు తిరిగిన పండును తీసి పారేస్తాడు. అంతటితో ఊరుకోడు. దాన్ని ఆనుకుని ఉన్న నాలుగింటినీ తీసి, గుడ్డతో తుడిచి, బొటనవేలితో నొక్కి చూసి, సాయంత్రంలోగా అమ్ముడుపోయేలా ధర తగ్గించి వేరుగా పెడతాడు. తర్వాత రసం కారి తడిసిన ఆ గుంటల అట్టను కూడా తీసేసి కొత్తది పరుస్తాడు. పెట్టెలో మిగతావన్నీ మంచివేనని అతను ప్రకటన చేయగా నేను వినలేదు. అతనికి మైకు లేదు, పైగా సరుకు సొంతది.

సామెత ఎప్పుడు తిరగబడిందో తేదీతో చెప్పడం కష్టం. తిరగబడిన రూపానికి బాగా ప్రచారం ఇచ్చింది మాత్రం ఒక పాప్ పాట. అమెరికాలో యూటా రాష్ట్రానికి చెందిన ఆస్మండ్స్ అనే అన్నదమ్ముల బృందం పాడిన ఆ పాట 1971లో ఐదు వారాలపాటు బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. ఒక్క చెడ్డ యాపిల్ వల్ల బుట్టంతా చెడిపోదు అన్నది దాని పల్లవి సారాంశం. ప్రేమలో ఒకసారి దెబ్బతిన్న అమ్మాయిని ఓదార్చడానికి వాడిన మాట. ఆ సందర్భంలో తప్పు పట్టలేం. అమ్మాయిని ఒప్పించాలనుకునే కుర్రాడు పంటశాస్త్రం చూసుకోడు. కాని అదే వాదనను పోలీసు కమిషనర్ల కార్యాలయాలు అంతకుముందే కనిపెట్టేశాయి, పైగా రాగం లేకుండా.

న్యూయార్క్ పోలీసు శాఖలో అవినీతి మీద ఫ్రాంక్ సెర్పికో వంటి అధికారులు నోరు విప్పాక 1970లో అక్కడి మేయర్ ఒక కమిషన్ వేశాడు. దాని అధ్యక్షుడు విట్‌మన్ నాప్. 1972లో వచ్చిన నివేదిక కుళ్లిన యాపిల్ గురించి ప్రత్యేకంగా మాట్లాడింది. అవినీతిపరుడు పట్టుబడగానే అతన్ని శుభ్రమైన గంపలో కుళ్లిన పండుగా ప్రకటించడం, అతని అవినీతి లోపలి జబ్బుకు లక్షణం కావచ్చునని ఎన్నడూ ఒప్పుకోకపోవడం ఆ శాఖలో దాదాపు అధికారిక సిద్ధాంతంగా మారిందని రాసింది. అంటే యాభై ఏళ్ల కిందటే ఈ మందు గుట్టు బయటపడింది. అయినా అమ్మకాలు తగ్గలేదు. మంచి మందుల లక్షణమే అది.

ఆ నివేదికలోనే మన తెలుగువారు ఫ్రేము కట్టించుకోవలసిన భాగం ఒకటుంది. అవినీతి పోలీసులను రెండు జాతులుగా విడగొట్టారు: మాంసం తినేవాళ్లు, గడ్డి తినేవాళ్లు. మాంసం తినేవాడు వేటాడి మరీ డబ్బు గుంజుతాడు. గడ్డి తినేవాడు వెతుక్కుంటూ వెళ్లడు, దారిలో ఎదురైన పచ్చికను మాత్రం కాదనడు. తప్పుడు సొమ్ము ముట్టినవాడిని 'గడ్డి తిన్నాడు' అనడానికి మన అమ్మమ్మలకు ఏ కమిషనూ అక్కర్లేకపోయింది. న్యూయార్క్ వారు ఏళ్ల తరబడి సాక్ష్యాలు విని అదే మేతకు చేరుకున్నారు. పైగా నివేదిక అసలు సమస్య మాంసాహారులు కాదంది. గడ్డి తినేవాళ్ల సంఖ్య ఎక్కువ, ఆ సంఖ్య వల్లే తినడానికి ఒక గౌరవం వస్తుంది, తిననివాడు వింతగా కనిపిస్తాడు అంది. ఎథిలీన్ సిద్ధాంతాన్ని ఇంతకంటే బాగా ఏ రసాయన శాస్త్రవేత్తా వివరించలేదు.

2004లో ఇరాక్‌లోని అబూ గ్రైబ్ జైలులో ఖైదీలను అమెరికా సైనికులు హింసించిన ఫొటోలు బయటికొచ్చినప్పుడు వాషింగ్టన్ పెద్దల నోట మళ్లీ ఇవే పళ్లు. కొద్దిమంది చేసిన పని అన్నారు. 11 మంది సైనికులకు శిక్షలు పడ్డాయి, అందరూ కింది హోదాలవారే. వారిలో ఒకరి తరఫున ఫిలిప్ జింబార్డో అనే మనస్తత్వ శాస్త్రవేత్త కోర్టుకు వచ్చి, పండును కాదు, పండును పెట్టిన గంపను చూడండి అన్నాడు. కోర్టు ఆయన మాట ఓపికగా విని ముద్దాయికి ఎనిమిదేళ్లు వేసింది. గంపను బోనులో నిలబెట్టే పద్ధతి ఇంకా అమలులోకి రాలేదు.

బ్యాంకుల వాళ్లు ఈ తర్కాన్ని టోకున వాడారు. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ప్రతి ఖాతాదారుకూ ఎనిమిది రకాల ఖాతాలు, కార్డులు, సేవలు అంటగట్టాలని సిబ్బందికి లక్ష్యం పెట్టింది. ఎనిమిదే ఎందుకయ్యా అంటే, ఇంగ్లిష్‌లో 'ఎయిట్'కు 'గ్రేట్'తో ప్రాస కుదురుతుందని బ్యాంకు అధిపతే చెప్పుకున్నాడు. ప్రాస కోసం పద్యం పాడుచేసిన కవులను చూశాం, ప్రాస కోసం పాడైన బ్యాంకు ఇదొక్కటే. లక్ష్యం అందక ఉద్యోగులు ఖాతాదారులకు తెలియకుండానే వాళ్ల పేరున ఖాతాలు తెరిచారు. 2016లో సంగతి బయటపడేనాటికి అనుమానాస్పద ఖాతాలు దాదాపు 20 లక్షలని, ఐదేళ్లలో సుమారు 5,300 మందిని తొలగించామని లెక్క తేలింది. ఇక్కడ చిన్న సందేహం. చెడిన పళ్ల లెక్క వేలల్లోకి చేరాక కూడా ఇంకా పళ్ల గురించే మాట్లాడాలా? బ్యాంకు తరఫున నా సమాధానం: మాట్లాడాలి. సిబ్బంది రెండున్నర లక్షల పైచిలుకు. శాతం తీస్తే ఎంత పెద్ద అంకె అయినా వినయంగా తల వంచుతుంది.

శాతాలంటే గుర్తొచ్చింది. 2020 మే నెలలో మినియాపొలిస్‌లో ఒక పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడి హత్య జరిగిన వారం లోపే అప్పటి అమెరికా జాతీయ భద్రతా సలహాదారు రాబర్ట్ ఓబ్రయన్ టీవీలో పోలీసుల్లో 99.9 శాతం గొప్పవారని, కొన్ని చెడ్డ యాపిల్స్ మాత్రం ఉన్నాయని సెలవిచ్చాడు. దశాంశ బిందువు తర్వాత అంకె వరకు తూచిన ఆ తక్కెడ ఎక్కడిదో వెల్లడించలేదు. ఆ రోజు మెడ మీద తొమ్మిది నిమిషాలకు పైగా మోకాలు ఆనించినవాడు ఒక్కడే. పక్కనే ఉన్న పోలీసులు మరో ముగ్గురు. తర్వాత వారికీ శిక్షలు పడ్డాయి. ఒకటి, దాన్ని ఆనుకుని మూడు. పళ్ల బండివాడైతే ముందే తుడిచి వేరుగా పెట్టేవాడు.

సామెత పుట్టింటి సంగతీ ఇంతే. 2021లో లండన్ పోలీసు కమిషనర్ తమలో అప్పుడప్పుడూ ఒక చెడ్డవాడు ఉంటాడని అంది. 2023లో ఆ పోలీసు శాఖ మీద విచారణ జరిపిన లూయీజ్ కేసీ నివేదిక వచ్చి, వివక్ష ఆ సంస్థ ఒంట్లోనే ఉందని తేల్చింది.

మన విషయానికి వద్దాం. ఇంగ్లిష్ వారు ఇంత శ్రమపడి సామెతను తిరగేసుకుంటే, తెలుగు అధికారులకు ఆ కష్టం లేకుండా పెద్దలు ముందే ఏర్పాటు చేశారు. తులసి వనంలో గంజాయి మొక్క. ఇందులో ఎథిలీన్ లేదు, బూజు లేదు. ఎన్ని గంజాయి మొక్కలు మొలిచినా తులసి తులసిగానే ఉంటుంది. పైగా యాపిల్ గంప ఒట్టి సరుకు, తులసి వనం పుణ్యక్షేత్రం. శాఖ మీద విమర్శ చేసినవాడికి కాస్త పాపం కూడా అంటుకుంటుంది.

ఉపమానంలో ఒక చట్టపరమైన చిక్కు మాత్రం ఉంది. మాదకద్రవ్యాల నిరోధానికి 1985లో వచ్చిన చట్టం 46వ సెక్షన్ ప్రకారం, తన భూమిలో గంజాయి సాగవుతోందని తెలిసి కూడా భూమి హక్కుదారు వెంటనే అధికారులకు చెప్పకపోతే అతనూ శిక్షార్హుడే. 2021లో విశాఖ మన్యంలో 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో వేల ఎకరాల గంజాయి తోటలు నరికేటప్పుడు, చుట్టూ ఎంత తులసి ఉందని ఎవరూ కొలవలేదు. పత్రికా సమావేశంలో 'మా తులసి వనంలో గంజాయి మొక్క' అని ఒక అధికారి చెప్పగానే, వనం ఎవరి పేరున ఉంది, మొక్క ఎన్నేళ్ల నుంచి పెరుగుతోంది, నీళ్లు ఎవరు పోశారు అని అడగవలసి వస్తుంది. ఆ మాట వాడేముందు న్యాయ సలహా తీసుకోవడం మంచిదని మనవి.

మిగిలిన సామెతలకు కూడా సవరణలు అవసరం. 'కంచే చేను మేస్తే' అన్నది కంచె మనోభావాలను గాయపరుస్తోంది. 'కంచెలో ఒకటి రెండు ముళ్లు చేను మేసినట్లు ఆరోపణలు వచ్చాయి' అని దిద్దాలి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలన్నది మరీ ప్రమాదకరం. ఒక్క మెతుకును పట్టుకుని కుండంతటికీ తీర్పు చెప్పడం సహజ న్యాయ సూత్రాలకు విరుద్ధం. ప్రతి మెతుకునూ విడివిడిగా విచారించాలి, పలుకున్న మెతుకులను ఏరివేయాలి, కుండ మీదా పొయ్యి మీదా వ్యాఖ్యానించరాదు.

ఇక ఏరివేసిన పండు సంగతి. పాత సామెత దాన్ని రాశిలోంచి తీసి పారేయమంది. మన దగ్గర వారం తిరక్కుండా 'బదిలీ వేటు' అని పత్రికల్లో పెద్ద అక్షరాలతో వస్తుంది. వేటు పడిన పండు పక్క జిల్లా గంపలో చేరి, సోమవారం ఉదయం బాధ్యతలు స్వీకరిస్తుంది. సిబ్బంది పూలగుచ్ఛం ఇస్తారు. ఆ పక్క జిల్లావాళ్లు చేసిన నేరం ఏమిటో ఏ ఉత్తర్వులోనూ ఉండదు.