ఒంటిగంట మీటింగ్ గారికి ఓ లేఖ

మహారాజశ్రీ మధ్యాహ్నం ఒంటిగంట మీటింగ్ గారికి నమస్కరించి వ్రాయునది.

మాదాపూర్ ఏడో అంతస్తులో అందరం క్షేమం, నా బాక్స్‌లో దొండకాయ వేపుడు తప్ప.

మీరు సరిగ్గా ఒంటిగంటకే ఎందుకు వస్తారో తెలుసు. వేసవిలో అప్పుడు లండన్‌లో పొద్దున్న ఎనిమిదిన్నర. వాళ్ళు టిఫిన్ చేసి హుషారుగా ఉంటారు. మొన్న మ్యూట్‌లోనే ఉన్నాను కదా అని ముద్ద నోట్లో పెట్టానో లేదో, "మీ అప్‌డేట్?" అన్నారు. బుగ్గలో పెరుగన్నంతో "ఆన్ ట్రాక్" అన్నాను. నెట్‌వర్క్ బాలేదనుకున్నారు, పాపం.

మీరు వెళ్ళేసరికి ఆకలి చచ్చిపోతుంది. నాలుగింటికి దెయ్యమై లేస్తుంది. రెండు సమోసాలు, టీ. చేతులు వణికి, గుండె దడదడలాడితే, టెన్షన్ కాబోలని ఇంకో టీ. ఒంట్లో చేరిన కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు కావాలి. రాత్రి పదకొండింటికీ నిద్ర రాదు, బిర్యానీ ఆర్డర్ పెడతాను. ఆకలేసి కాదు. పొద్దుటి నుంచి నాతో ఎవరూ మంచిగా మాట్లాడలేదు, బిర్యానీ అయినా వేడిగా వస్తుందని.

పోయిన నెల ఆఫీసులో తిండికీ మనసుకీ సంబంధం మీద సెషన్ పెట్టారు. ఎప్పుడనుకున్నారు? మీ టైములోనే! 2017లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనం గురించి చెప్పారు. డిప్రెషన్‌తో ఉన్న 67 మందిలో ఒక గుంపుకి డైటీషియన్ 12 వారాలు పప్పులూ కూరగాయలూ చేపలూ తినడం అలవాటు చేస్తే, దాదాపు మూడోవంతు మంది అందులోంచి బయటపడ్డారట. రెండో గుంపుకి కబుర్లే. వాళ్ళలో 8 శాతమే. చిన్న అధ్యయనమే, ఒప్పుకుంటాను. కానీ ఆ పప్పు నా బ్యాగులోనే ఉందండీ! మూత తీసే టైమే మీ దగ్గరుంది.

మా నాన్న మిల్లులో చేసేవారు. సైరన్ మోగగానే చెట్టుకింద క్యారేజీలు విప్పి, పచ్చళ్ళు పంచుకుని తినేవాళ్ళట. ఐదు గంటలు పని చేయిస్తే అరగంట విరామం ఇవ్వాలని అప్పట్లో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పేది. నాకు సైరన్ లేదు, మీరున్నారు.

అందుకే రేపటి నుంచి ఒంటిగంటకి క్యాలెండర్‌లో 'క్లయింట్ కాల్' అని పెట్టాను. లంచ్ అని పెడితే మీరు దాని మీదే వచ్చి కూర్చుంటారు. క్లయింట్ పేరు దొండకాయ.

ఇట్లు,
మ్యూట్‌లో ఉన్న
మీ ఉద్యోగి