ఒకే కోడ్‌బేస్ అంటే సగం ఖర్చు అని ఎవరు చెప్పారు?

ఆండ్రాయిడ్‌కి ఒక యాప్, ఐఫోన్‌కి ఒక యాప్, రెండు టీములు. ఒకసారి రాసిన కోడ్‌తోనే (అదే ఒకే కోడ్‌బేస్) రెండింటికీ యాప్ చేసిపెట్టే టూల్సే ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్. "అంతా ఫ్లట్టర్‌లోకో రియాక్ట్ నేటివ్‌లోకో మార్చేద్దాం, ఖర్చు సగమైపోతుంది" అని మీటింగ్‌లో ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. నేను ఈ మార్పుకి వ్యతిరేకిని కాదు. చాలా యాప్‌లకి ఇదే సరైన దారి అనుకుంటాను. నా గొడవంతా వాళ్లు చెప్పే కారణంతోనే. సగం ఖర్చని నమ్మి మొదలెట్టినవాళ్లు, మధ్యలో బిల్లు చూసి పని అటకెక్కించేస్తారు.

అసలు లాభం ఎక్కడుందంటే, రెండు యాప్‌లూ ఒకేలా ప్రవర్తించడంలో. షాపింగ్ యాప్‌లో కూపన్ లెక్కనే తీసుకోండి. డిస్కౌంట్ పోగా మిగిలిన దశాంశాలను ఎలా రౌండ్ చేయాలో స్పెక్‌లో (యాప్ ఎలా ఉండాలో చెప్పే పత్రంలో) ఎవరూ రాయరు. ఆండ్రాయిడ్ యాప్‌ని కోట్లిన్ భాషలో రాసేవాళ్లు తమకి తోచినట్టు చేస్తారు, ఐఫోన్ యాప్‌ని స్విఫ్ట్‌లో రాసేవాళ్లు వాళ్లకి తోచినట్టు చేస్తారు. ఎవరి టెస్టులు వాళ్లకి పాస్. ఒకే అకౌంట్‌తో రెండు ఫోన్లలో కార్ట్ తెరిస్తే మొత్తాలు వేరు! సపోర్ట్ వాళ్లు బ్యాకెండ్‌ని (సర్వర్ వైపు కోడ్‌ని) తిడతారు, బ్యాకెండ్ వాళ్లు యాప్‌ని తిడతారు. (ఆ లెక్క అసలు సర్వర్‌లో ఉండాలి కదా అంటారా? ఉండాలి. అది ఇంకో పోస్టు.)

ఈ తేడాలు పోవాలంటే స్క్రీన్లన్నీ తిరగరాయక్కర్లేదు. కోట్లిన్ మల్టీప్లాట్‌ఫారమ్ ఉన్నదే ఇందుకు. లెక్కలు, రూల్స్ లాంటి లాజిక్ ఒకటే, స్క్రీన్లు ఎవరివి వాళ్లవి. 2023 నవంబర్ నుంచి స్టేబుల్ కూడా. కానీ "ఒకే యాప్, ఒకే టీమ్" అని స్లైడ్ మీద రాసుకోవడానికి కుదరదు కాబట్టి ఆ పేరే ఎత్తరు.

ఇక ఎవరూ లెక్కలో వేసుకోని ఖర్చు, అప్‌డేట్. కొత్త యాప్ ఖాళీ ఫోన్‌లోకి వెళ్లదు, పాత యాప్ మీదే కూర్చుంటుంది. పాత లాగిన్ టోకెన్ (ప్రతిసారీ పాస్‌వర్డ్ అడక్కుండా యాప్ దాచుకునే గుర్తు) ఐఫోన్‌లో కీచైన్ అనే భద్రమైన చోట ఉంటుంది, ఆండ్రాయిడ్‌లో ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైల్‌లో ఉంటుంది. కొత్త యాప్‌లో టోకెన్లు దాచే ప్లగిన్ (జోడించుకునే కోడ్) తన పేర్లతో తన చోట వెతుక్కుంటుంది. దొరకదు. అప్‌డేట్ వేసుకున్న ప్రతి ఒక్కరూ లాగౌట్. పాస్‌వర్డ్ గుర్తులేనివాళ్లు ఒక్క స్టార్ రేటింగ్ ఇచ్చి పోతారు. ఫోన్‌లో డేటా దాచే కోర్ డేటాలోనో (ఐఫోన్) రూమ్‌లోనో (ఆండ్రాయిడ్) ఉన్న డ్రాఫ్టులది కూడా ఇదే కథ. వాటిని బయటికి తీసే పని మళ్లీ స్విఫ్ట్, కోట్లిన్ తెలిసినవాళ్లదే. నేను చూసిన ఒక ప్రాజెక్ట్‌లో ఆ డెవలపర్లనే ముందు పంపించేశారు. ఆ తర్వాత వాళ్లకే ఫోన్లు చేసి బతిమాలుకున్నారు.

బస బుక్ చేసుకునే ఎయిర్‌బీఎన్‌బీ 2018లో రియాక్ట్ నేటివ్‌ని వదిలేసిన సంగతిని ఈ మార్పు వద్దనేవాళ్లు ఇప్పటికీ బ్రహ్మాస్త్రంలా వాడతారు. రెండు ప్లాట్‌ఫారాల బదులు మూడింటిని (ఆండ్రాయిడ్, ఐఓఎస్, రియాక్ట్ నేటివ్) మోయాల్సి వచ్చిందని వాళ్లే రాశారు, నిజమే. పెద్ద నేటివ్ (ఏ ఫోన్‌కి ఆ ఫోన్ భాషలో రాసిన) యాప్‌ల మధ్యలో కొత్తదాన్ని ఇరికించే ఎవరికైనా ఆ మాట ఈ రోజుకీ వర్తిస్తుంది. కానీ అప్పటి వేగం గురించి వచ్చిన విమర్శలన్నీ ఇప్పుడు అప్పజెప్పడం కుదరదు. 2024 అక్టోబర్‌లో వచ్చిన రియాక్ట్ నేటివ్ 0.76 వెర్షన్‌లో కొత్త ఆర్కిటెక్చర్ (వేగం కోసం కూడా తిరగరాసిన లోపలి నిర్మాణం) డిఫాల్ట్ అయింది. పైగా 2020లో ఆన్‌లైన్ షాపులు నడిపించే షాపిఫై ఇదే రియాక్ట్ నేటివ్‌ని తమ భవిష్యత్తుగా ప్రకటించింది. ఆ ముక్క మాత్రం ఎవరూ చెప్పరు.

ఫ్లట్టరా, రియాక్ట్ నేటివా అన్న యుద్ధంలోకి నేను దిగను. ఒక్క తేడా మాత్రం చూసుకోండి. ఫ్లట్టర్ ఫోన్ ఇచ్చే బటన్లను వాడదు, తనే గీసుకుంటుంది. 2025లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 26, లిక్విడ్ గ్లాస్ అనే కొత్త డిజైన్‌తో రూపం మార్చినప్పుడు ఆ బటన్లు వాటంతట అవి మారలేదు. మీ యాప్‌కి సొంత డిజైన్ ఉంటే ఇది అసలు సమస్యే కాదు. ఫోన్‌లో కలిసిపోయినట్టు కనిపించాలంటే మాత్రం పెద్ద సమస్యే.

మారదామనే అనుకుంటే, మొత్తం ఆపేసి తిరగరాయకండి. తరచూ మారే స్క్రీన్ ఒకటి ఎంచుకోండి. పేమెంట్ జోలికి మాత్రం ముందే పోవద్దు. పాత టోకెన్ చదివే కోడ్ మొదటి వారమే రాయించి, నిజమైన పాత వెర్షన్ ఉన్న ఫోన్ల మీద అప్‌డేట్ చేసి చూడండి. నేటివ్ తెలిసినవాళ్లు రెండు వైపులా కనీసం ఒక్కొక్కరైనా బడ్జెట్‌లో ఉన్నారో లేదో చూసుకున్నాకే ఆ "సగం" స్లైడ్ తెరవండి.