గుడ్డ మీద వేయమంటే సరిపోదు, ఫ్లెక్సీ మిషన్‌లో ఇంకు సంగతి కూడా చూడాలి

రాత్రి ఎనిమిదింటికి వాట్సాప్‌లో ఫొటో పంపితే తెల్లారేసరికి సెంటర్‌లో ఇరవై అడుగుల ఫ్లెక్సీ కట్టేసి ఉంటుంది. ఇంత వేగంగా, ఇంత చౌకగా ఎలా వస్తోందో తెలుసుకోకుండా ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం గురించి ఎంత మాట్లాడినా లాభం లేదు.

మిషన్ చేసే పని ఇంట్లో ఉండే ఇంక్‌జెట్ ప్రింటర్ పనే, కాకపోతే ఇక్కడ రోల్ వెడల్పే పది అడుగులు. దాని మీద ఇంకు చల్లే హెడ్‌లు అటూ ఇటూ తిరుగుతూ సయాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్ అనే నాలుగు రంగులే చల్లుతాయి. హెడ్‌లో ఉండే ప్రతి నాజిల్ (ఇంకు వచ్చే సన్నటి రంధ్రం) వెనకా ఒక పీజో స్ఫటికం ఉంటుంది, కరెంటు తగలగానే అది కాస్త వంగి ఇంకు చుక్కను బయటికి నెడుతుంది. మన షాపుల్లో బాగా వాడే కోనికా 512ఐ హెడ్‌కి 512 నాజిల్స్ ఉంటాయి, ఒక్కో చుక్క 30 పికోలీటర్లు. పికోలీటరంటే లీటరులో లక్ష కోట్లో వంతు! దగ్గరికెళ్లి చూస్తే చుక్కలు కనిపిస్తాయి కానీ రోడ్డు అవతలి నుంచి చూస్తే అన్నీ కలిసిపోతాయి, అందుకే పెద్ద హోర్డింగ్‌కి 72 డీపీఐ (అంగుళానికి 72 చుక్కలు) ఫైల్ కూడా సరిపోతుంది.

అసలు విషయం ఇంకులో ఉంది. ఫ్లెక్సీ అంటే మధ్యలో పాలిస్టర్ వల, రెండు వైపులా పీవీసీ అనే ప్లాస్టిక్. సాల్వెంట్ (రసాయన ద్రావకం) కలిపిన ఇంకు ఆ పీవీసీ పైపొరను కొద్దిగా కరిగించి లోపలికి దిగుతుంది, హీటర్ వేడికి సాల్వెంట్ ఆవిరైపోయి రంగు అక్కడే పట్టేసుకుంటుంది. ఎండకీ వానకీ నెలల తరబడి ఆగేది అందుకే. షాపులోకి అడుగు పెట్టగానే గుప్పుమనే ఘాటు వాసన కూడా ఆ ఆవిరిదే, దాన్ని రోజంతా పీల్చే ఆపరేటర్ కుర్రాడి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

2022 ఆగస్టులో విశాఖపట్నంలో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించారు. నవంబరు 1 నుంచి అన్న గడువు తర్వాత 2023 జనవరి 26కి జరిగింది. గుడ్డ వాడండి అన్నారు, ఉద్దేశం మంచిదే. కానీ పీవీసీ కోసం తయారైన ఇంకు మామూలు నూలు గుడ్డ మీద అలా పట్టుకోదు, కోటింగ్ వేసిన గుడ్డయినా కావాలి, లేదంటే నీటి ఆధారిత లేటెక్స్ ఇంకో, లైటు తగలగానే గట్టిపడే యూవీ ఇంకో వాడే మిషన్ కొనాలి. అప్పు చేసి మిషన్ పెట్టుకున్నవాడు కొద్ది నెలల్లో ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తాడు?

అలాగని ఫ్లెక్సీని వెనకేసుకు రావడం లేదు. 280 జీఎస్ఎం (చదరపు మీటరుకు 280 గ్రాములు) మెటీరియల్‌తో ఇరవై బై పది అడుగుల ఫ్లెక్సీ వేస్తే అయిదు కిలోలకు పైనే తూగుతుంది, వలనీ పీవీసీనీ విడదీయడం కష్టం కాబట్టి దాన్ని మళ్లీ కరిగించి వాడటం దాదాపు జరగదు, కాలిస్తే విషవాయువులు వస్తాయి. నిషేధం పెట్టండి, అయితే మిషన్ మార్చుకోవడానికి షాపులకు తక్కువ వడ్డీకి అప్పు ఇప్పించండి, మార్పు మొదట ప్రభుత్వ, పార్టీల ఆర్డర్లతోనే మొదలుపెట్టండి. ఎందుకంటే పెద్ద ఆర్డర్లు ఇచ్చేది వాళ్లే.