పెరట్లో మేపుల్ సిరప్: నష్టపోవడానికి ఒక శాస్త్రీయ పద్ధతి

మనిషికి హాబీ ఎందుకు అంటే చాలామంది మనశ్శాంతి కోసం అంటారు, అది శుద్ధ తప్పు. డబ్బులొస్తే పని, డబ్బులు పోతే హాబీ, అంతే తేడా. అమెరికా ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు కూడా దాదాపు ఇదే అంటారు, ఐదేళ్లలో మూడేళ్లు లాభం చూపిస్తే సరేలే వ్యాపారమే అనుకుంటారు, లేదంటే ఇది హాబీయేమో అని అనుమానంగా చూస్తారు. ఈ లెక్కన ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అమెరికా ఈశాన్య మూల న్యూ ఇంగ్లండ్ పెరళ్లలో మేపుల్ సిరప్ వండటాన్ని మించిన స్వచ్ఛమైన హాబీ ఈ భూమ్మీద ఇంకోటి లేదని సవినయంగా మనవి చేస్తున్నా.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తా. వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్, మసాచుసెట్స్ లాంటి చోట్ల చలికాలం చివర్లో రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులు కొన్ని వారాలుంటాయి. ఆ మార్పుకి షుగర్ మేపుల్ చెట్టులో ఒత్తిడి పెరిగి, కాండానికి చిల్లు పెడితే రసం చుక్క చుక్కగా కారుతుంది. అడుగు లావున్న చెట్టుకి రెండంగుళాల లోతు చిల్లు ఒకటి, అందులో చిన్న గొట్టం, గొట్టానికి బకెట్. ఇంత ఈజీ అయితే ఇందులో నష్టం ఎక్కడుందని డౌట్ రావచ్చు, ప్రకృతి దానికి కూడా ఏర్పాటు చేసే ఉంచింది: ఆ రసంలో చక్కెర 2 శాతం, మిగతా 98 శాతం దాదాపు నీళ్లే. 40 గ్యాలన్ల రసం మరిగిస్తే ఒక్క గ్యాలన్ సిరప్ వస్తుంది. ఒక చిల్లుకి సీజన్ మొత్తం మీద పది గ్యాలన్ల రసం వస్తే బాగా వచ్చినట్టే, అంటే చెట్టుకి పావు గ్యాలన్, ఒక సీసా, అదీ లీటర్‌కి కాస్త తక్కువ.

ఆ ఒక్క సీసా కోసం తొమ్మిది గ్యాలన్లకి పైగా నీళ్లు ఆవిరి చెయ్యాలి. థ్యాంక్స్‌గివింగ్‌కి టర్కీ కోడి వేయించటానికి కొన్న గ్యాస్ బర్నర్ ఉంది కదా అని దాని మీద పెడతారు, బయట గాలికి సగం పైన వేడి మసాచుసెట్స్ ఆకాశానికే పోతుంది కాబట్టి ఒక ప్రొపేన్ సిలిండర్‌కి ఒకటో రెండో సీసాలొస్తే గొప్ప. సిలిండర్ నింపించిన డబ్బులకి అదే సిరప్ కాస్ట్‌కోలో ఫిల్టర్ చేసి సీల్ వేసి లేబుల్ అంటించి ఇస్తారు. కానీ అలా కొనుక్కుంటే అది కిరాణా, ఇలా వండుకుంటే "మన చెట్టుదే, ఫ్రీగా వస్తుంది".

బయట చలిగా ఉందని కొందరు మేధావులు వంటింట్లో స్టవ్ మీద పెడతారు. ఆ తొమ్మిది గ్యాలన్ల ఆవిరి ఎక్కడికి పోతుందనే ప్రశ్న వాళ్లకి రాదు, గోడలకి వస్తుంది. వాల్‌పేపర్ ఊడుతుంది, క్యాబినెట్లు పట్టుకుంటే చెయ్యి అతుక్కుంటుంది. ఇక రసమేమో పాలలాగా పాడైపోయే సరుకు, చల్లగా ఉంచి వారం లోపు మరిగించాలి, అందుకని ఫ్రిజ్‌లో ఉన్న ఇడ్లీ పిండిని బయటికి పంపించి ఆ స్థానంలో చెట్టు నీళ్ల క్యాన్లు పెట్టిన ఇళ్లున్నాయి. ఆ ఇళ్లల్లో ఆ వారం జరిగిన సంభాషణలు ఇక్కడ రాయటం మర్యాద కాదు.

మరిగించే టైమ్ తగ్గించుకోవడానికి మనవాళ్లు, అంటే ఇంజినీర్లు, ఒక ఉపాయం కనిపెట్టారు: ఆర్ఓ. అవును అదే, హైదరాబాద్‌లో ప్రతి వంటింట్లో గోడకి వేలాడే ఆర్ఓ. రసాన్ని అందులో పంపిస్తే మంచినీళ్లు ఒక పక్కకి, చక్కెర చిక్కబడిన నీళ్లు ఇంకో పక్కకి వస్తాయి. అక్కడ మంచినీళ్లు తాగి వేస్ట్ నీళ్లు సింక్‌లోకి వదిలినవాడే ఇక్కడ మంచినీళ్లు పారబోసి వేస్ట్ నీళ్లు భద్రంగా దాచుకుంటున్నాడు. మోటార్, మెంబ్రేన్, పైపులు కలిపి అయిన ఖర్చుకి ఎన్ని సీసాల సిరప్ వచ్చేదో ఆ లెక్క చెయ్యటానికి స్ప్రెడ్‌షీట్ ఓపెన్ చేసినవాడు ఎవడూ లేడు, మిగతా అన్నింటికీ చేస్తారు.

తర్వాత పాకం. నీళ్లు మరిగే వేడి కంటే 7 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎక్కువకి వస్తే సిరప్ అయినట్టు, అంటే 219 దగ్గర, కానీ గాలి ఒత్తిడిని బట్టి నీళ్లు మరిగే పాయింట్ రోజూ కొంచెం మారుతుంది కాబట్టి ముందు ఉత్త నీళ్లు మరిగించి అది ఎంతో చూసుకోవాలి, చూసుకున్నాక హైడ్రోమీటర్ ముంచి సాంద్రత చూడాలి, వెర్మాంట్ వాళ్ల లెక్కలో 66.9 బ్రిక్స్, అంటే నూటికి అంత చక్కెర, ఉండాలి. తగ్గితే బూజు పడుతుంది, పెరిగితే సీసా అడుగున పలుకులు కడుతుంది. ఇదంతా సిరప్ వండే ఇంటాయన గ్లౌజులేసుకుని, తలకి లైటు కట్టుకుని చేస్తుంటే విజిటర్ వీసా మీద వచ్చిన అత్తగారు వెనక నుంచి గరిటె పైకెత్తి చూసి "పాకం వచ్చేసింది బాబూ, దించెయ్యండి" అంటారు. అరిసెల పాకం నీళ్లల్లో వేసి ఉండ కట్టిందో లేదో చూసిన చెయ్యి అది. ఈయన దించరు, రీడింగ్ ఇంకా రాలేదంటారు. రీడింగ్ వచ్చేలోపు గిన్నె అడుగంటుతుంది, ఎందుకంటే ఆఖర్లో పాకం ముదిరేది నిమిషాల మీదే. (పొంగు అణగటానికి వెన్న బొట్టు వెయ్యటం మాత్రం వెర్మాంట్ వాళ్లూ చేస్తారు, ఆ ఒక్క విషయంలో అత్తగారికీ వెర్మాంట్‌కీ ఏకాభిప్రాయం ఉంది.)

ఇందులో నష్టపోవటం కొత్తేం కాదు, చరిత్ర ఉంది. మొదట ఈ విద్య అబెనాకి, అనిషినాబే లాంటి మూలవాసులది, వాళ్లకి అది తిండి కాబట్టి సిరప్ దగ్గర ఆగకుండా గట్టి చక్కెర చేసి ఏడాదంతా దాచుకున్నారు, అంటే హాబీ కాదు, మన నిర్వచనంలోకి రాదు. ఆ తర్వాత, ఇంకా అమెరికా ప్రెసిడెంట్ కాకముందు, థామస్ జెఫర్సన్‌గారు వచ్చారు. వెస్టిండీస్ చక్కెర బానిసలతో చేయిస్తున్నారు, దాని బదులు మేపుల్ చక్కెర వాడదామని అప్పట్లో ఒక ఉద్యమం నడిచింది, ఆయన కూడా ఉత్సాహపడి 1791లో వర్జీనియాలో తన మాంటిచెల్లో ఎస్టేట్‌కి మేపుల్ మొక్కలు తెప్పించారు. ఆ ఎస్టేట్‌లో పని చేసేది కూడా బానిసలే అన్నది వేరే విషయం, పెద్దవాళ్ల హాబీలో అలాంటివి అడక్కూడదు. మొక్కలు చాలావరకు చచ్చిపోయాయి, చక్కెర రాలేదు. ఆ విధంగా ఈ హాబీ అమెరికా పెరటి సంప్రదాయంలో స్థిరపడింది.

లాభం చూసినవాడే లేడా అంటే ఒకడున్నాడు, దొంగ. ప్రపంచంలో మేపుల్ సిరప్ ఎక్కువ భాగం వచ్చేది కెనడాలోని క్యుబెక్ నుంచి, అక్కడి ఉత్పత్తిదారుల సంఘం ధరలు పడిపోకుండా సిరప్‌ని పీపాల్లో నిల్వ పెడుతుంది, పెట్రోల్ నిల్వలు పెట్టినట్టు. 2011, 2012లో ఒక ముఠా ఆ గోడౌన్ నుంచి దాదాపు మూడు వేల టన్నుల సిరప్, కోటీ ఎనభై లక్షల కెనడా డాలర్ల సరుకు, పీపాల్లోంచి తోడేసి కొన్నింట్లో నీళ్లు నింపి పెట్టింది. లెక్క చూడటానికి పీపాలెక్కిన ఇన్‌స్పెక్టర్ కాలి కింద ఖాళీ పీపా ఊగేదాకా ఎవరికీ తెలియలేదు. ఒక్క చెట్టుకి చిల్లు పెట్టకుండా, ఒక్క సిలిండర్ కాల్చకుండా ఇంత సిరప్ సంపాదించిన ఆ ముఠా నాయకుడికి స్వయంగా మిగిలింది పది లక్షల డాలర్లట, 2022లో కెనడా సుప్రీం కోర్టు కట్టమన్న జరిమానా తొంభై లక్షలు దాటింది. చూశారా, దొంగతనం చేసినా నష్టమే. ఇంత నిజాయితీగల ద్రవం ఇంకోటి ఉందా?

ఇప్పుడు మనవాళ్ల దగ్గరికి వద్దాం. ఊళ్లో మోకు, ముస్తాదు వేసుకుని తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు ప్రాణం చేతిలో పెట్టుకుని తెచ్చే నీరాలో చక్కెర పది శాతం పైనే ఉంటుంది, మేపుల్‌కి అయిదు రెట్లు, అది మరిగిస్తే తాటి బెల్లం. ఆ మనిషిని ఏం పని చేస్తావని అడిగి జవాబు వినకుండానే మొహం తిప్పుకున్నవాళ్ల పిల్లలే ఇవాళ నేల మీద నిలబడి, నడుమెత్తులో, కార్డ్‌లెస్ డ్రిల్‌తో చిల్లు పెట్టి నాలుగు యాంగిల్స్‌లో ఫొటో తీసి "బ్యాక్ టు నేచర్" అని పెడతారు. అక్కడ చెట్టుకి లొట్టి కడితే లైసెన్సు చూపించమంటారు, ఇక్కడ చెట్టుకి బకెట్ కడితే లైకులు వస్తాయి. ఇందులో వింతేం లేదు, ఆయన సంపాదించటానికి చేస్తున్నాడు కాబట్టి అది చిన్న పని, ఈయన పోగొట్టుకోవటానికి చేస్తున్నాడు కాబట్టి అది అభిరుచి.

పోనీ ఆ వాసన కోసమే అయితే దానికి చెట్టే అక్కర్లేదు. 2005 నుంచి కొన్నేళ్ల పాటు మన్‌హట్టన్ మీదికి అప్పుడప్పుడూ మేపుల్ సిరప్ వాసన వచ్చేది, జనం భయపడి ఫోన్లు చేశారు, చివరికి 2009లో నది అవతల న్యూజెర్సీలో ఒక ఫ్లేవర్ల ఫ్యాక్టరీలో ఆడుతున్న మెంతుల వాసన అని తేలింది. మెంతుల్లో ఉండే సోటోలోన్ అనే పదార్థానిదే ఆ వాసన, నకిలీ మేపుల్ ఫ్లేవర్‌లో మెంతులు వాడతారు కూడా. అంటే న్యూయార్క్ నగరం మొత్తం నాలుగేళ్లు కష్టపడి కనిపెట్టింది మన పోపులడబ్బా. ఈ సంగతి సిరప్ వండేవాళ్లకి చెప్పకండి, ఊరకే గొడవ.

ఆఖరుగా ఒక కోణం ఎవరూ గమనించట్లేదు, ప్రభుత్వమైనా గమనించాలి. హెచ్‌వన్‌బి మీద ఉన్నవాడు స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ పని చెయ్యకూడదు, సైడ్‌లో వ్యాపారం చేశాడంటే స్టేటస్‌కే ఎసరు. తేనె అమ్మినా ప్రమాదమే, ఆవకాయ అమ్మినా ప్రమాదమే. గ్రీన్‌కార్డ్ క్యూలో ఏళ్లకేళ్లు నిలబడ్డ మనిషి చేతులు కదిలిస్తూ కూడా పైసా రాకుండా చూసుకోవాలి, అలాంటివాడికి మేపుల్ సిరప్ వరప్రసాదం. సీసా అడుగున గోధుమరంగు మడ్డి, పైన మాడు వాసన, మీద ఇంటిపేరుతో ఎస్టేట్ అని లేబుల్. వీకెండ్ పార్టీలో "అన్నా ఒక స్పూన్ టేస్ట్ చెయ్" అని పోస్తే అందరూ అద్భుతం అంటారు, ఫ్రీగా ఇస్తానంటే మాత్రం డాక్టర్ షుగర్ తగ్గించమన్నాడంటారు. ఎవరైనా డబ్బులిచ్చి కొంటామంటే వెంటనే లాయర్‌తో మాట్లాడండి, కానీ ఇప్పటిదాకా ఎవరూ అడిగిన దాఖలా లేదు కాబట్టి ఆ రిస్క్ కూడా లేదు.